స్తూపమునుండి పుట్టిన యొక చీనా యక్షరము

మన మన్సూరాబాదునుండి దిల్‌సుఖ్‌నగరమునకు బోవు మార్గమున చైతన్యపురి గలదు. దానికి జేరువను, మూసీనది యొడ్డున, కోసగుండ్ల నరసింహస్వామి యాలయముకడ నొక బండపై ప్రాకృతభాషలో బ్రాహ్మీలిపితో చెక్కిన శాసనమున్నది. క్రీ. శ. 5వ శతాబ్దిలో విష్ణుకుండి వంశపు రాజగు గోవిందవర్మ పేరిట వెలసిన గోవిందరాజవిహారమును, అందు వసించిన బౌద్ధభిక్షువులను అది పేర్కొనుచున్నది. ప్రతిదినము ఆ దారిని రాకపోకలు సేయువారిలో నెందఱు దానిని జూచియుందురు? అయినను ఈ వ్యాసము ఆ శాసనమును గూర్చినది కాదు. అట్టి భిక్షువుల నోట దేశాంతరములకు బోయిన యొక మాట చీనాలో నొక యక్షరమై, అచ్చటినుండి కొరియా, జపాను, వియత్నాములకు వ్యాపించిన వృత్తాంతమిది. ఆ మాట స్తూపము.

స్తూపమనగా పోగు, దిబ్బ. మహాత్ముల యస్థికలపై మన్నును ఇటుకలను గుట్టగా బేర్చి గుండ్రముగా గట్టిన కట్టడమునకు ఆ పేరు నిలిచెను. అమరావతిలోని మహాస్తూపమును, దాని చరిత్ర మఱుగుపడిన కాలమున, ఊరివారు దీపాలదిన్నె యని పిలిచిరి. సంస్కృతపు స్తూపశబ్దము జనుల వాడుకలో నలిగి థూప యయ్యెను. ఇందు వింత లేదు. మన తెలుగున స్థిరము తిరమైనట్లును, స్నేహము నెయ్యమైనట్లును, మాటకు మొదటనున్న సకారము జాఱిపోయినది. చీనావారి చెవిని బడినది ఇట్టి నలిగిన రూపమే.

చీనాకును మనకును నంతటి సంబంధము ప్రాచీనకాలమున నుండెనా యని కొందఱు బాలురు సందేహింపవచ్చును. నాగార్జునకొండలో దొరకిన 3వ శతాబ్దపు శాసనమొకటి గలదు. ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని 14వ పాలనవత్సరమున బోధిశ్రీ యను నుపాసిక దానిని వ్రాయించెను. తామ్రపర్ణి స్థవిరులచే ధర్మమార్గమున సంతోషము నొందిన దేశములను లెక్కించుచు, కాశ్మీర గాంధారముల వెంటనే చీన యను పేరును జెక్కించెను.

చీనావ్రాతలో మనకువలె అచ్చులు హల్లులు లేవు. ఒక్కొక్క గుఱుతు ఒక్కొక్క మాటకు చెల్లును, దాని నుచ్చరించుటకు ఒక్క అవయవమే చాలును. పరదేశపు మాట వచ్చినప్పుడు వారు అర్థమును విడిచి, ధ్వని కలిసిన పాత గుఱుతులను దెచ్చి పేర్చుకొందురు. థూపమునుగూడ మొదట నట్లే పలువిధముల వ్రాసిరి. పిదప దీనికొఱకే యొక క్రొత్త గుఱుతును గల్పించిరి. ఎడమప్రక్క మన్ను అను గుఱుతు: ఒక నిలువుగీత, దానికడ్డముగా రెండు గీతలు. ఇది కట్టడము మంటితో జేసినదని తెలుపును. కుడిప్రక్క, గడ్డిని జూపు కొమ్ములక్రింద కలయిక యను గుఱుతు. ఈ భాగము అర్థమునకు గాదు, ధ్వనికి మాత్రమే. ఆ కాలమున దాని యుచ్చారణ ఇంచుమించుగా థప్. దీనికి బ యను నింకొక యక్షరమును జేర్చి థప్‌బ యని వ్రాయుచు, తుదకు మొదటిదానినే నిలుపుకొనిరి. క్రీ. శ. 100 ప్రాంతమున షూషెన్ రచించిన నిఘంటువున 9,353 గుఱుతులున్నను ఇది లేదు. 986లో షూష్వాన్ ఆ గ్రంథమును పరిష్కరించినప్పుడు దీనిని క్రొత్తగా జేర్చెను.

ఇక హ్యూన్‌త్సాంగు మాట. 7వ శతాబ్దిలో ఈ యాత్రికుడు మన యాంధ్రమునకు వచ్చి, ధాన్యకటకమున విహారములు చాలవఱకు పాడుపడియుండుటను జూచి, అచ్చట కొన్ని మాసములు నిలిచి అభిధర్మము నభ్యసించెను. సంస్కృతము చక్కగా వచ్చినవాడగుటచే, స్వదేశమునకు మరలి యాత్రాగ్రంథమును వ్రాయించునప్పుడు, పూర్వులు వ్రాసిన థప్‌బ మొదలగు రూపములన్నియు దప్పులని ఖండించెను. సకారముకూడ బోకుండునట్లు మూడు గుఱుతులతో స్తూపశబ్దమును దిద్ది వ్రాసెను. పండితుని పక్షము న్యాయమైనదే. కాని జనులు వినలేదు. 652లో నాతని కోరికపై, తెచ్చిన గ్రంథములను భద్రపఱచుటకు రాజధానిలో కట్టిన యున్నతభవనము నేటికిని నిలిచియున్నది. దానిని లోకమంతయు పిలుచు పేరు చివర నుండునది ఆతడు తప్పని త్రోసిన గుఱుతే! గ్రాంథిక వ్యావహారిక వాదముల నెఱిగిన మనకు ఈ కథ పరాయిదిగా దోపదు.

ఆ గుఱుతు పయనించిన కొలది ధ్వని మాఱినది. ఉత్తరచీనాలో తుది పకారము లోపించి నేడు త యని మాత్రమే పలుకుదురు. జపానులో తపు, తఫు, తౌ అని మాఱి తో యైనది. మన దీపము దివ్వె యగుటలోను పకారమునకు ఇట్టి గతియే పట్టినది. కాంటనున తాప్, కొరియాలో తప్, వియత్నామున థాప్ అందురు. కనుక ధాన్యకటకపు స్తూపములోని పకారమును వినగోరువాడు పీకింగునకు గాక ఆ యంచులకు బోవలెను. కొరియావారు నేడు తమ సొంతలిపిలోను, వియత్నామువారు రోమను లిపిలోను వ్రాయుదురు. గుఱుతు కనుమఱుగైనను పలుకు నిలిచినది.

కట్టడపు రూపమును మాఱినది. మన గుండ్రని దిబ్బ అచ్చట అంతస్తులపై అంతస్తుగా లేచెను. కొరియాలో బుల్గుక్సా విహారపు రాతితప్ పది వాన్ నాణెముపై ముద్రింపబడినది. జపానులో హోర్యూజీ యందలి అయిదంతస్తుల కొయ్యకట్టడము 7వ శతాబ్ది నిర్మాణములలోనిదై ప్రసిద్ధికెక్కినది. దాని కొననున్న లోహస్తంభమున బోర్లించిన గిన్నెవంటి చిన్న భాగమొకటి యుండును. అమరావతి స్తూపపు అండమే అంతగా కుదించుకొని శిఖరమెక్కినది.

అర్థముగూడ గుడి దాటి వీథిని బడెను. చీనావారికి సముద్రతీరపు దీపస్తంభము దీపపు త. నీటితొట్టి మోయు కట్టడము నీటి త. పారిసునగరపు ఈఫిల్ గోపురము ఇనుప త. ఈజిప్టు పిరమిడునకు వారి పేరు మిక్కిలి చమత్కారమైనది: బంగారమను గుఱుతు పైన సన్నగా, క్రింద వెడల్పుగా నుండుటచే, బంగారపుగుఱుతు వంటి త యని పిలిచిరి. విమానాశ్రయమున రాకపోకలను శాసించు ఎత్తైన గది కొరియాలో తప్ అయినది. ఊరి వెలుపల విద్యుత్తీగెలను మోయుచు నిలిచిన ఇనుప గోపురములను మనము నిత్యము చూచుచున్నాము. వానిని జూపి పేరడిగినచో జపాను బాలుడు తెత్తో యనును. కొరియా బాలుడు, పెదవులు మూసి పకారమును నిలుపుచు, ఛొల్‌తప్ అనును.