ఫోన్లో డేటా ఎవరు తింటున్నారు?

మదనపల్లె బస్సులో చూడండి. పుంగనూరు బస్టాండులో చూడండి. ఆడవాళ్ల చేతుల్లో ఫోన్లు ఉన్నాయి. మదనపల్లె మార్కెట్టులో టమోటా ధర ఎంతో ఇంట్లోనే తెలుస్తోంది. సంఘం కంతు కూడా ఫోన్లోనే కడుతున్నారు.

కుప్పం వాళ్లకు ఇది మరీ కొత్త కాదు. 2002లో హెచ్.పి. కంపెనీ అక్కడ ఐ-కమ్యూనిటీ అనే పథకం పెట్టింది. అప్పట్లో సంఘం ఆడవాళ్లు కొందరు డిజిటల్ కెమెరా పట్టుకుని ఊళ్లలో ఫోటోలు తీశారు.

అయితే ఒక చిక్కు ఉంది. పొద్దున డేటా ఉంటుంది. మధ్యాహ్నానికి అయిపోతుంది. మనం ఏమీ చూడలేదే! మరి ఎవరు వాడారు?

ఫోనే వాడుకుంది. యాప్‌లను కంపెనీవాళ్లు అప్పుడప్పుడు బాగుచేస్తారు. తప్పులు దిద్దుతారు. దొంగలు దూరే సందులు మూస్తారు. బాగుచేసిన యాప్ మన ఫోన్లోకి దిగడమే అప్‌డేట్. దానికి డేటా కావాలి. సిగ్నల్ సరిగా లేని పల్లెలో చాలా సేపు పడుతుంది.

అట్లని మానేయకూడదు. మానేస్తే డబ్బు కట్టే యాప్ ఒకరోజు తెరుచుకోకపోవచ్చు. అది కంతు కట్టే రోజే అయితే?

సంఘం పుస్తకంలో ఒక పేజీలో తప్పు పడింది. పుస్తకమంతా తిరగరాస్తామా? ఆ పేజీనే దిద్దుతాం. ప్లే స్టోరు చేసేదీ అదే. పాత యాప్ ఫోన్లో ఉంటే, మారిన భాగాలనే పంపుతుంది. 2016లో గూగుల్ కంపెనీ ఈ పద్ధతిని ఇంకా మెరుగుచేసింది. మొత్తం యాప్ కంటే సగటున 65 శాతం తగ్గుతుందని చెప్పింది. అంటే 100 ఎం.బి. దిగాల్సిన చోట 35 ఎం.బి. చాలు.

అందుకే యాప్ మొరాయిస్తే వెంటనే తీసేయకండి. తీసేసి మళ్లీ ఎక్కిస్తే మొత్తం 100 దిగాలి. ముందు అప్‌డేట్ చేసి చూడండి.

ఇంకొక పని చేయండి. ప్లే స్టోరులో పైన మూలన గుండ్రని బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కండి. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ప్రిఫరెన్సెస్ ఉంటుంది. అందులో ఆటో అప్‌డేట్ యాప్స్ నొక్కి, 'వైఫై మీద మాత్రమే' అన్నది ఎంచుకోండి. పిల్లల చేత చేయించవచ్చు. కాని మీరే చదివి నొక్కితే మేలు.

వైఫై లేదా? రోజువారీ డేటా ప్యాక్ అయితే, మిగిలింది చాలా ప్యాక్‌లలో రాత్రి 12 దాటగానే ఎలాగూ పోతుంది. పడుకునే ముందు దానితో డబ్బు యాప్‌ను అప్‌డేట్ చేసుకోండి. ఆటల యాప్‌లు తర్వాత.

'వెంటనే అప్‌డేట్ చేయండి' అని మెసేజీలో లింకు వస్తే మాత్రం నొక్కొద్దు. అవి చాలావరకు దొంగల పంపకాలు. అప్‌డేట్ ప్లే స్టోరులోనే చేయాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయండి.