సర్పంచి అభ్యర్థిని పని సంగతి అడుగుదాం

పంచాయతీ ఎన్నికలు వచ్చాయంటే పల్లెల్లో వాగ్దానాలకు కరువుండదు. ఒకాయన గుడి కట్టిస్తానంటాడు, ఇంకొకాయన సిమెంటు రోడ్డేయిస్తానంటాడు. ఊరికి ఫ్యాక్టరీ తెస్తా, ఇంటికో ఉద్యోగం ఇప్పిస్తా అనేవాళ్లూ ఉన్నారు. పోలింగు ముందురోజు రాత్రి డబ్బు, మందు సరేసరి. కొన్ని ఊళ్లలో ఏకగ్రీవం పేరుతో పదవినే వేలం వేసేస్తారు. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లో, 2025 డిసెంబరులో తెలంగాణలో జరిగిన ఎన్నికల్లో ఈ తంతంతా చూశాం. కూలివాడికి ఏడాదిలో ఎన్నాళ్లు పని దొరుకుతుంది, ఎంత కూలి గిడుతుంది అన్న మాట మాత్రం చాలామంది అభ్యర్థుల నోట రాదు.

ఫ్యాక్టరీ తేవడం సర్పంచి చేతిలో లేదు. ఉన్నదేమిటో తెలుసుకుని ఆ సంగతే అడగాలి. 1993 ఏప్రిల్ 24న అమల్లోకొచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలు చెప్పింది. వ్యవసాయం, చిన్న నీటి వనరులు, పేదరిక నిర్మూలన అందులోవే. అవన్నీ ప్రభుత్వాలు నిజంగా అప్పగించలేదు. అయినా గ్రామసభ పెట్టడం, ఊళ్లో ఏ పనులు చేపట్టాలో తీర్మానించడం పంచాయతీ పనే. మనకు కూడు పెట్టేది అక్కడే ఉంది.

ఉపాధి హామీనే చూడండి. 2005లో చట్టమైంది. 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. అంతకుముందు ఆసామి చెప్పిందే కూలి. చెరువు పని దొరికిన ఊళ్లలో "ఈ రేటుకు మేం రాం" అనే ధైర్యం కూలీలకొచ్చింది. ఆడా మగా ఒకే కూలి అన్నది జనానికి కళ్లారా కనబడింది. పెద్దరైతులకు ఈ పథకమంటే గిట్టకపోవడానికి అసలు కారణం ఇదే. సోమరితనం పెరిగిందనేది పైమాట.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానే కొత్త చట్టం చేసింది. 100 రోజులను 125 చేశామంటున్నారు. వినడానికి బాగానే ఉంది. మరి డబ్బెవరిస్తారు? పాత చట్టంలో మన కూలి డబ్బు మొత్తం కేంద్రమే భరించేది. కొత్తదానిలో మన రాష్ట్రాలు ఖర్చులో నూటికి 40 పెట్టుకోవాలి. ఖజానాలో లేదంటే 125 రోజులు కాగితం మీదే! పైగా నాట్లు, కోతల కాలంలో ఏడాదికి 60 రోజుల దాకా పనులు ఆపేయవచ్చట. మనం కూలి రేటు బేరమాడగలిగేది సరిగ్గా ఆ రోజుల్లోనే కదా! ఎవరి మేలు కోసం ఈ ఏర్పాటు?

కనుక ఓటడగడానికి వాడలోకొచ్చిన ప్రతి అభ్యర్థినీ నాలుగు ప్రశ్నలు అడుగుదాం.

ఒకటి: పని అడిగిన దరఖాస్తుకు తేదీ వేసి రసీదు ఇప్పిస్తావా? 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని పాత చట్టంలోనూ ఉంది, కొత్తదానిలోనూ ఉంది. రసీదు లేకపోతే అడిగినట్టు రుజువేదీ?

రెండు: గ్రామసభ నలుగురు పెద్దల అరుగు మీద కాకుండా, కూలీలు పని దిగొచ్చాక సాయంత్రంపూట పెట్టిస్తావా?

మూడు: పనుల జాబితాలో పేదల భూముల బాగుచేత, చెరువు పూడికతీత ముందుంటాయా, ఆసాముల పొలాల దారులు ముందుంటాయా?

నాలుగు: 60 రోజుల నిలుపుదలకు వ్యతిరేకంగా పంచాయతీలో తీర్మానం చేసి పంపిస్తావా? ఆ రోజులు ప్రకటించేది రాష్ట్ర ప్రభుత్వం. ఒక్క ఊరి తీర్మానానికి అది కదలకపోవచ్చు. వంద ఊళ్లు పంపిస్తే వినక తప్పదు.

జవాబు నలుగురిలో, వాడ నడిబొడ్డున చెప్పించండి. రాసి సంతకం పెట్టమనండి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఓటుకు 2 వేలు పుచ్చుకున్నామనుకోండి, ఐదేళ్లకు లెక్కేస్తే రోజుకు రూపాయి పావలా కూడా పడదు. 2025-26లో ఉపాధి పనికి మన రెండు రాష్ట్రాల్లోనూ రోజు కూలి 307 రూపాయలు. ఒక్క వారం పని పోతే ఆ 2 వేలూ పోయినట్టే. ఈ లెక్క ప్రతి ఇంట్లో చెబుదాం. అడిగినవాళ్లకే పని, సంఘంగా అడిగినవాళ్లకే కూలి!