డ్యాష్‌బోర్డ్ అంతా పచ్చగానే ఉంది, మరి యాప్ ఎందుకు తిరుగుతోంది? ట్రేస్ ఫిల్టర్ ఎలా పనిచేస్తుందంటే...

నాన్నది 32 జీబీ ఫోన్. స్టోరేజ్ ఎప్పుడూ ఫుల్లే, అందుకే యాప్‌లు అప్‌డేట్ అవ్వవు. నేను పనిచేసేది ఒక సరుకుల యాప్‌లో. ఒకరోజు ఫోన్ చేసి "ఏరా, నెల సరుకులన్నీ పెట్టి డబ్బులు కట్టబోతే చక్రం తిరుగుతూనే ఉంది" అన్నారు. వెంటనే మా మానిటరింగ్ డ్యాష్‌బోర్డ్ తెరిచి చూశా. అంతా పచ్చగా ఉంది. "అక్కడ నెట్ స్లో నాన్నా" అనేశా.

తప్పు నెట్‌ది కాదని తెలియడానికి రెండు రోజులు పట్టింది.

డ్యాష్‌బోర్డ్ అబద్ధమేం చెప్పలేదు. లెక్క చూడండి: 100 ఆర్డర్లలో 98కి 200 మిల్లీసెకన్లు, 2 ఆర్డర్లకి 6 సెకన్లు పట్టాయనుకోండి. సగటు 316 మిల్లీసెకన్లు. బాగానే ఉంది కదా! పీ95 అంటే 100లో 95 రిక్వెస్టులు ఎంత టైమ్‌లోపు పూర్తయ్యాయో చెప్పే అంకె. అదీ 200 దగ్గరే ఆగుతుంది. పీ99 చూసి ఉంటే పట్టేసేవాళ్లం, మేం అది పెట్టుకోలేదు. పెట్టుకున్నా, ఎవరో ఇబ్బంది పడుతున్నారని తెలిసేది కానీ ఆ ఎవరో ఎవరన్నది తెలిసేది కాదు.

అది చెప్పేది ట్రేస్. పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ గుర్తుందా? డాక్టరు గది, రక్తపరీక్ష, మందుల కౌంటర్, ఎక్కడికెళ్లినా అదే చీటీ. ప్రతి చోటా లోపలికి వెళ్లిన టైమ్, బయటికొచ్చిన టైమ్ దాని మీద రాస్తే ఎక్కడ ఎంతసేపు ఆగామో తెలిసిపోతుంది. మీరు "పే" నొక్కగానే ఆ రిక్వెస్ట్‌కి కూడా ఇలాంటి నంబర్ ఒకటి పడుతుంది. అదే ట్రేస్ ఐడీ, 32 అక్షరాల పొడవు. ఒక్కో సర్వీస్ దగ్గర జరిగిన పనిని స్పాన్ అంటారు. ఆ స్పాన్‌కి యాప్ వెర్షన్, ఫోన్ మోడల్ లాంటి వివరాలు తగిలించుకోవచ్చు. 2019లో మొదలైన ఓపెన్‌టెలిమెట్రీ వల్ల ఇదంతా ఇప్పుడు దాదాపు అందరూ ఒకే పద్ధతిలో చేస్తున్నారు.

ఆ వివరాలనే మామూలు మెట్రిక్స్‌లో లేబుల్స్‌గా పెట్టొచ్చుగా అంటారేమో. 20 వెర్షన్లు, 500 ఫోన్ మోడళ్లు, 40 ఏపీఐలు గుణించండి: 4 లక్షల సిరీస్‌లు. సర్వర్ బిల్లు చూస్తే మేనేజర్‌కి కళ్లు తిరుగుతాయి.

సరే, ట్రేస్ డేటా మీద యాప్ వెర్షన్ ఫిల్టర్ పెట్టా. నాన్న ఫోన్‌లో ఉన్న పాత వెర్షన్ ఎంచుకోగానే పచ్చ గీత కాస్తా 6 సెకన్లకి ఎగిరింది. అందులో ఒక ట్రేస్ తెరిస్తే మెట్లు మెట్లుగా 15 స్పాన్లు. పాత వెర్షన్ల కోసం సర్వర్‌లో ఉంచిన కోడ్, కార్ట్‌లోని ఒక్కో వస్తువుకీ విడిగా కూపన్ సర్వీస్‌ని అడుగుతోంది, ఒకటి అయ్యాకే ఇంకొకటి. ఒక్కోదానికి 400 మిల్లీసెకన్లు. 15 వస్తువులకి 6 సెకన్లు. రెండు మూడు వస్తువులు కొనేవాళ్లకి ఇది తెలియదు, నెల సరుకులు కొనేవాళ్లకే దెబ్బ.

ఇందులో నేను బోల్తా పడ్డ చోటు ఒకటుంది. అదే ఫిల్టర్ కూపన్ సర్వీస్ ప్యానెల్‌కి పెడితే ఖాళీ వచ్చింది. "ఇక్కడ సమస్య లేదు" అనుకుని ఒక పూట వేస్ట్ చేశా. అసలు సంగతేంటంటే, యాప్ వెర్షన్ మొదటి స్పాన్ మీదే ఉంది, కింది స్పాన్లకి దానంతటది వెళ్లదు. బ్యాగేజ్ అనే పద్ధతిలో వెంట పంపాలి, అక్కడ మళ్లీ స్పాన్ మీదకి కాపీ చేయాలి. కాబట్టి ఫిల్టర్ పెట్టాక ఖాళీ వస్తే సంబరపడకండి, ముందు ఆ వివరం ఆ స్పాన్ మీద ఉందో లేదో చూడండి.

శాంప్లింగ్ ఇంకో తలనొప్పి. 100లో ఒక్క ట్రేస్‌నే దాచమని మొదట్లోనే నిర్ణయిస్తే, స్లో అయినవి చాలావరకు చెత్తబుట్టకే. టెయిల్ శాంప్లింగ్‌లో ట్రేస్ పూర్తయ్యాక నిర్ణయం తీసుకుంటారు, స్లోగా ఉన్నవన్నీ దాచుకోవచ్చు. అలా ఏరుకున్న వాటితో సగటు మాత్రం కట్టకండి, యాప్ మొత్తం మునిగిపోయినట్టు కనిపిస్తుంది.

కూపన్లన్నీ ఒకేసారి అడిగేలా సర్వర్ కోడ్ మార్చాం. మొన్న ఇంటికెళ్తే నాన్న ఫోన్‌లో ఇంకా అదే పాత వెర్షన్. 17 వస్తువులు పెట్టి నా ముందే పే నొక్కారు, చక్రం కనపడీ కనపడకుండానే పోయింది. "నెట్ బాగైనట్టుందిరా" అన్నారు.