పోరులో సగం... నిర్ణయంలో?

తెలంగాణ సాయుధ పోరాటం అనగానే చాకలి ఐలమ్మ గుర్తొస్తుంది. తుపాకీ పట్టిన మల్లు స్వరాజ్యం గుర్తొస్తారు. దొరల మీద తిరగబడ్డ ఆ ఆడవాళ్లకు ఉద్యమం లోపల ఎంత చోటు దొరికింది? ఈ ప్రశ్నకు వాళ్లే చెప్పిన జవాబు పుస్తకంగా రావడానికి మూడు దశాబ్దాలకు పైనే పట్టింది.

నిజాం పాలనలో పల్లె పేదలందరికీ వెట్టి తప్పేది కాదు. ఆడవాళ్లకు అదనంగా గడీ భయం. దొర బిడ్డ అత్తారింటికి వెళ్తుంటే పేదింటి పిల్లను 'ఆడబాప'గా వెంట పంపేవారు. అందుకే ఆంధ్రమహాసభ... అదే, ఊరి జనం 'సంఘం' అని పిలుచుకున్న సంస్థ, పల్లెల్లోకి రాగానే ఆడవాళ్లు కదిలారు. పాలకుర్తిలో ఐలమ్మ తన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులకు దక్కనివ్వలేదు. రాజక్క పేరుతో దళం నడిపిన స్వరాజ్యాన్ని పట్టిస్తే పదివేల రూపాయలిస్తామని సర్కారు ప్రకటించింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు కూడా లేవు!

దళం లోపల

అన్నం వండటం, ఉత్తరాలు చేరవేయడం, గాయపడ్డవాళ్లకు సేవ చేయడం ఎక్కువగా ఆడవాళ్ల వంతే అయ్యేది. నిర్ణయాలు తీసుకునేచోట మాత్రం వాళ్లు అరుదు. అడవిలో బిడ్డను కన్న తల్లికి పసివాడి ఏడుపు దళానికి ప్రమాదమని చెప్పారు. కడుపుతీపిని చంపుకుని ఆమె బిడ్డను వదులుకుంది.

1951 అక్టోబరులో పోరాటం ముగిసింది. ఆరుట్ల కమలాదేవి 1952లోనే శాసనసభకు వెళ్లారు. స్వరాజ్యం 1978లో ఎమ్మెల్యే అయ్యారు. అందరికీ ఆ దారి దొరకలేదు. ఇంటికెళ్లి పెళ్లి చేసుకోండన్న సలహాలు విన్నవాళ్లూ ఉన్నారు. తుపాకీ పట్టిన చేతులు మళ్లీ గరిటె పట్టాయి.

ఈ సంగతులన్నీ వాళ్ల నోటే విని, స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా అచ్చువేసింది. అదే ఉద్యమంలో రహస్య జీవితం గడిపిన కొండపల్లి కోటేశ్వరమ్మది మరో కథ. బాల్యంలోనే వితంతువైన ఆమెకు ఉద్యమమే మళ్లీ పెళ్లి చేసుకునే ధైర్యాన్నిచ్చింది. ఆ తర్వాత భర్త విడిచి వెళ్లారు. ఆమె మళ్లీ చదువుకుని, కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా పనిచేసి తన కాళ్లపై తాను నిలబడ్డారు. తొంభై ఏళ్లు దాటాక, 2012లో వచ్చిన 'నిర్జన వారధి'లో ఆ జీవితాన్ని చెప్పుకున్నారు.

ఇన్ని చెప్పినా, ఆ రోజులే తమ జీవితంలో గొప్ప రోజులన్నారు చాలామంది. పోరాటాన్ని వాళ్లెవరూ తప్పుపట్టలేదు. అందరికీ సమానత్వం అన్న మాటలో తామూ ఉన్నామా అని మాత్రమే అడిగారు. ముందు విప్లవం, ఆడవాళ్ల హక్కుల సంగతి తర్వాత అనుకుంటే ఆ 'తర్వాత' తనంతట తాను రాదని వాళ్ల జీవితాలే చెబుతున్నాయి.