ఆముదం బగ్గీకి మూడు వైర్లు

డల్లాస్ పక్కన మా అబ్బాయి ఇంట్లో గరాజు తలుపు తీయగానే ఆముదం వాసన కొట్టింది. ఇక్కడ ఆముదం ఎక్కడిదా అని చూస్తే, మా మనవడు నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చుని ఒక బొమ్మబండితో కుస్తీ పడుతున్నాడు. మూరకు కాస్త మించిన పొడవు, నాలుగు చక్రాలకూ శక్తి అందే బగ్గీ. అసలు బండిలో ఎనిమిదో వంతు కొలత. పాతది కొన్నాడట. పొద్దుటినుంచీ స్టార్టు కావడం లేదు.

దీనికి పోసేది పెట్రోలు కాదర్రా. సగానికి పైగా మెథనాలు, పావువంతు నైట్రోమీథేను, మిగతాది నూనె. ఆ నూనెలో ఆముదం ఉంటుంది. ఎంత వేడెక్కినా లోహాన్ని వదలకుండా పట్టుకునే గుణం దానిది. నైట్రోమీథేను సంగతి మరీ ముచ్చటైనది. ప్రయాణానికి సద్దిమూట కట్టుకున్నట్టు అది తన అణువులోనే ఆక్సిజను మోసుకొస్తుంది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. మెథనాలుకు ఆరున్నర గ్రాములు, నైట్రోమీథేనుకు 1.7 గ్రాములు చాలు. గాలి తక్కువ చాలు కాబట్టి ఎక్కువ ఇంధనం మండించొచ్చు. అందుకే టీ చెంచా కూడా నిండని 3.5 సీసీ ఇంజను నిమిషానికి 30 వేల చుట్లు దాటిపోతుంది.

ఈ ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ఏర్పాటే ఉండదు. గ్లో ప్లగ్గులో సన్నటి ప్లాటినం తీగచుట్ట ఉంటుంది. మొదట ఒకటిన్నర వోల్టుల బ్యాటరీతో దాన్ని ఎర్రగా కాలుస్తాం. ఇంజను అందుకున్నాక బ్యాటరీ తీసేసినా తీగ ఆరిపోదు. మెథనాలు ఆవిరి ప్లాటినాన్ని తాకితే చాలు, అక్కడ చర్య జరిగి వేడి పుడుతుంది. పైగా ప్రతి మంటా దాన్ని మళ్లీ రాజేస్తుంది. నాకైతే ఆ తీగను చూస్తే చెయ్యెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

కానీ వాతావరణం కాస్త మారితే కార్బురేటరు సూది మళ్లీ సరిచేసుకోవాలి. పిల్లవాడు విసిగిపోయాడు. “తాతయ్యా, దీన్ని ఎలక్ట్రిక్ చేసేద్దామా?” అన్నాడు.

“ముందు లెక్క వేద్దాం రా” అని అట్టముక్క మీద రాశాను. ట్యాంకులో పట్టేది 125 సీసీ. నూనెను లెక్కలోంచి తీసేస్తే దాంట్లో దాగిన శక్తి సుమారు పదహారు లక్షల జౌళ్లు. పెట్టబోయే నాలుగు సెల్లుల లిథియం పాలిమర్ బ్యాటరీ 14.8 వోల్టులు, 5000 మిల్లీ ఆంపియర్ అవర్లు. అంటే 74 వాట్ అవర్లు, జౌళ్లలో రెండు లక్షల అరవై ఆరు వేలు. ట్యాంకులో ఉన్నదానిలో ఆరోవంతు! వాడి మొహం చిన్నబోయింది. మరి ట్యాంకుతో ఎంతసేపు నడుస్తుందిరా అంటే, ఎనిమిది పది నిమిషాలన్నాడు. బ్యాటరీతో? కాస్త ఎక్కువే. మరి ఆ మిగతా అయిదు భాగాలూ ఏమైనట్టు? వేడిగా పోయాయి, శబ్దంగా పోయాయి, మండకుండానే సైలెన్సరులోంచి పోయాయి. వాడు ఇంజను తల మీది రెక్కల వంక చాలాసేపు చూశాడు. ఆ రెక్కలున్నదే వేడిని గాలికి ఇచ్చెయ్యడానికి.

ఇంజను, ట్యాంకు, క్లచ్చు, యాక్సిలరేటరు సర్వో అన్నీ విప్పి, మెథిలేటెడ్ స్పిరిట్‌తో ఛాసిస్‌కు పట్టిన జిడ్డు కడిగాం. స్టార్టరు చక్రం దూరే కంతకు కింద రేకు బిగించాం, లేకపోతే రాళ్లు ఎగిరి లోపల పడతాయి. అప్పుడు వాడు కొత్త మోటారు పెట్టె విప్పాడు. చూద్దును కదా, మూడు వైర్లు!

తెనాలిలో నలభై ఏళ్లు బోరు మోటార్లకు వైండింగ్ చుట్టిన చేతులివి. ఆ మూడు వైర్లు చూడగానే సొంతవాళ్లు ఎదురైనట్టనిపించింది. స్టేటరులో మూడు ఫేజుల వైండింగే. తేడా అంతా రోటరులో ఉంది. బోరు మోటారులో లోహపు కడ్డీలుంటాయి, ఇక్కడ నియోడిమియం అయస్కాంతాలు. 1980ల మొదట్లో జపాన్‌లో మసాటో సగావా ఒకవైపు, అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్లు ఒకవైపు కనిపెట్టిన అయస్కాంతమిది. అది రాబట్టే ఇంత మోటారు పిడికిట్లో ఇమిడింది.

పొలంలో ఫేజులు వరసగా స్తంభం మీదినుంచి దిగుతాయి. ఇక్కడున్నది డీసీ, కాబట్టి ఆ వరసను స్పీడ్ కంట్రోలరే పుట్టించాలి. రెండు వైర్లకు కరెంటిచ్చి మూడోదాన్ని ఖాళీగా ఉంచుతుంది. తిరిగే అయస్కాంతం ఆ ఖాళీ వైరులో వోల్టేజీ పుట్టిస్తుంది. అది పెరిగి తగ్గే తీరును బట్టి రోటరు ఎక్కడుందో కంట్రోలరు పసిగట్టి, తర్వాతి జతకు మారుతుంది. బండి ఆగి ఉన్నప్పుడు ఆ కబురు అందదు, అందుకే కదిలేముందు ఒక్క క్షణం తడబడుతుంది.

మోటారు మీద 2000 కేవీ అని ఉంది. కిలోవోల్టులు కాదు సుమా, వోల్టుకు 2000 చుట్లు. 14.8 తో గుణిస్తే 29,600. పినియనుకు 14 పళ్లు, పెద్ద చక్రానికి 46, ఇరుసు దగ్గర 13కు 43. అన్నీ కలిపితే టైరు ఒక్కసారి తిరగడానికి మోటారు సుమారు 11 చుట్లు. ఆ టైరు కొలతతో లెక్క ప్రకారం గంటకు సుమారు 57 కిలోమీటర్లు వస్తుంది.

పళ్లచక్రాలు బిగించేటప్పుడు నోటుపుస్తకం కాగితం ముక్క మధ్యలో పెట్టి, పినియనును నొక్కి, స్క్రూలు బిగించమన్నాను. తర్వాత కాగితాన్ని తిప్పుతూ బయటికి లాగితే మీద మడతలు ఒకే తీరున పడ్డాయి, ఎక్కడా చిరగలేదు. ఇనుప పళ్లకు అంత సందు ఉండాలి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్పాను. ఆ బ్యాటరీని సెల్లుకు 4.2 వోల్టులు దాటనివ్వకూడదు. ఛార్జింగులో పెట్టి ఇల్లు వదిలి వెళ్లకూడదు. ఉబ్బిన బ్యాటరీని ముట్టుకోకూడదు. వాడకుండా దాచిపెట్టాలంటే సెల్లుకు 3.8 దగ్గర ఉంచాలి. అంటుకుంటే అది తేలిగ్గా ఆరే మంట కాదు నాన్నా.

ఇంటి ముందు రోడ్డు మీద దించి ట్రిగ్గరు నొక్కితే, బండి వెనక్కి పరిగెత్తింది. వాడు బిక్కమొహం వేశాడు. నాకు మాత్రం మా ఊరి పొలాలు గుర్తొచ్చాయి. స్తంభం మీద ఫేజులు తారుమారైన ప్రతిసారీ రైతు పరిగెత్తుకొచ్చేవాడు, మోటారు తిరుగుతోంది గానీ నీళ్లు రావడం లేదని. “మూడిట్లో ఏ రెండైనా మార్చిపెట్టు” అన్నాను. మార్చాడు. ముందుకు దూకింది. సెన్సరు వైరున్న మోటారైతే ఇలా మార్చకూడదు, కంట్రోలరు సెట్టింగులోనే తిప్పుకోవాలి.

పది నిమిషాలు తిరిగాక మోటారు మీద వేలు పెట్టి చూడమన్నాను. ఇంజను తలైతే బొబ్బెక్కేది. వాడు వేలు ఆనించి, తీయకుండా అలాగే ఉంచి, “వెచ్చగా ఉంది తాతయ్యా, అంతే” అన్నాడు.