ఇంటర్వ్యూ గదిలో అడిగేదేమిటి, కొలిచేదేమిటి?

ఇంజనీరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపొస్తే మన వాడల్లో పండగే. రాతపరీక్ష దాకా పుస్తకం తోడుంటుంది. ఆ తర్వాత మూసిన తలుపుల వెనక నలుగురైదుగురి ముందు ఒంటరిగా కూర్చోవాలి. అక్కడ ఏం జరుగుతుందో మనం ముందే తెలుసుకోవాలి.

మాలో ఒకరు సివిల్ ఇంజనీరింగ్ చదివి ఒక నిర్మాణ కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్ళారు. రాతపరీక్ష, గ్రూప్ డిస్కషన్, టెక్నికల్ రౌండ్ దాటారు. దూలానికి బెండింగ్ మొమెంట్ గీయమంటే గీశారు. కాంక్రీటులో నీరు ఎక్కువైతే బలం ఎందుకు తగ్గుతుందో చెప్పారు. చివరి గదిలో ప్రశ్నలు మారాయి.

"ఇంటిపేరేంటి? ఏ వూరు? నాన్నగారేం చేస్తారు?"

"కూలి పని చేస్తారండీ."

ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. ఉద్యోగమూ రాలేదు. ఆ ప్రశ్నే కారణమని మేం రుజువు చెయ్యలేం. ఇంటర్వ్యూ బలమంతా అందులోనే ఉంది. కులం మాట ఎత్తకుండానే కులం తెలుసుకోవచ్చు, కారణం రాయకుండానే కాదనొచ్చు.

ఇది ఒక్కరి గోడు కాదు. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, సమాన చదువు చూపిస్తూ పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపారు. దళిత పేర్లకు పిలుపు అవకాశం అగ్రకుల పేర్లతో పోలిస్తే సుమారు 0.67 వంతే. సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ అదే ఏడాది ప్రచురించిన అధ్యయనం కోసం 25 మంది నియామక అధికారులతో మాట్లాడారు. ప్రతిభే చూస్తామన్నవాళ్ళు దాదాపు అందరూ కుటుంబ నేపథ్యం అడుగుతామన్నారు. మరి తండ్రి పనికీ దూలం లెక్కకీ సంబంధమేమిటి?

ఈ ప్రమాదాన్ని కోర్టులూ గుర్తించాయి. 1980లో అజయ్ హాసియా కేసులో, కాలేజీ ప్రవేశాలకు ఇంటర్వ్యూ మార్కులు 15 శాతం మించడం అన్యాయమని సుప్రీంకోర్టు చెప్పింది. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గ్రూప్ సి, నాన్ గెజిటెడ్ గ్రూప్ బి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు తీసేసింది. ఇంజనీరింగ్ సర్వీసెస్‌లో మాత్రం 1300 మార్కుల్లో 200 ఇంటర్వ్యూకే. ఒక్కో మార్కు మీద బతుకులు మారేచోట ఇది చిన్న వాటా కాదు. ప్రైవేటు రంగంలో రిజర్వేషనూ లేదు, ఏ రౌండుకి ఎంత విలువో చెప్పే బాధ్యతా లేదు.

అందుకే మన పని రెండు వైపులా ఉంది. అధ్యాపకులు ఫైనలియర్ పిల్లలకు మాదిరి ఇంటర్వ్యూలు పెట్టాలి. పాఠం వచ్చినా ఇంగ్లీషు దగ్గర నోరు పెగలని పిల్లలతో అక్కడే మాట్లాడించాలి. తట్టలు మోసిన తల్లి గురించి అడిగితే తల దించుకోకుండా చెప్పడం నేర్పాలి. స్లాబు పోయడం ఆ తల్లికి తెలిసినంతగా ఎదుట కూర్చున్నవాళ్ళలో ఎందరికి తెలుసు?

అయితే భారమంతా పిల్లల మీదే వెయ్యకూడదు. అందరికీ ఒకే ప్రశ్నలు ఉండాలి. ఒక్కొక్కరు బయటికెళ్ళగానే మార్కులు రాయాలి. బోర్డులో మనవాళ్ళుండాలి. కుటుంబం గురించిన ప్రశ్న పోవాలి. సంఘాలు అడగాల్సింది ఇదే. ప్రతిభను కొలుస్తామనేవాళ్ళు ముందు కొలబద్ద చూపించాలి.