ఒక తాళం, రెండు పనులు
1957లో కాలిన్ చాప్‌మన్ తెచ్చిన లోటస్ సెవెన్ తరహా కిట్ కార్లను ఇంగ్లండులో ఇళ్ళ గరాజుల్లోనే బిగించుకుంటారు. నాదీ అలాంటిదే. పాత ఫోర్డ్ సియెర్రా స్టీరింగ్ కాలమ్ వాడాను. తాళం మోకాలికి అడ్డొచ్చింది. డాష్‌బోర్డు మీదికి మారుద్దామంటే, అందులో కరెంటు స్విచ్చీ, స్టీరింగును బంధించే గడియా కలిసే ఉన్నాయి. మన భాషలో టైట్ కప్లింగ్!

స్విచ్చి తీగలు పొడిగించడం తేలికే, సన్న తీగ వాడకపోతే చాలు. అసలు ప్రమాదం గడియతోనే. తాళంచెవి ఉన్నంతసేపే అది వెనక్కి ఉంటుంది. సిలిండరు మాత్రమే పీకేసి ఊరుకుంటే, నడుస్తున్న కారులో స్ప్రింగు దాన్ని గాడిలోకి తోసెయ్యొచ్చు. అందుకే షియర్ బోల్టులను డ్రిల్లుతో తొలిచి, తాళాన్ని గడియతో సహా తీసేశాను.

మరి దొంగల మాటో? బ్రిటన్లో 2009లో వచ్చిన ఐవీఏ పరీక్షలో అదీ చూస్తారు. స్టీరింగ్ తాళానికి బదులు ఏది చెల్లుతుందో మాన్యువల్లో చూసుకున్నాకే డ్రిల్లు పట్టండి.